నూగు అనుకున్నాను

లాక్‌డౌన్ పెట్టిన మొదటి వేసవి అది. సూరత్ అమ్రోలిలో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం, అందరం మరమగ్గాల మీద పనిచేసేవాళ్లమే. కార్ఖానాలు మూతపడ్డాక ఐదుగురు దొరికిన బండి పట్టుకుని కరీంనగర్ దారి పట్టారు. మగ్గాలకు కాపలా ఒకడుండాలని సేఠ్ అడిగితే తలూపిన తెలివైనవాణ్ని నేను. నాతో పాటు గదిలో మిగిలింది ఒక తెల్ల కుందేలు. నా పక్కన పడుకునే అతను ముచ్చటపడి తెచ్చుకున్నది.

"అన్నా, నేనొచ్చేదాంక దీన్ని జర చూస్కో. నీకు పుణ్యముంటది" అని నా చేతిలో పెట్టి బండెక్కాడు.

మొదట్లో దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. నా తిండికే దిక్కు లేదు, దీనికి ఆకులెక్కడ తేవాలి? పది రోజులు తిరక్కుండానే అది ఒళ్లో లేకపోతే నాకు ముద్ద దిగని పరిస్థితి వచ్చింది. అబద్ధమెందుకు, దానితో మాట్లాడేవాణ్ని కూడా. బదులు చెప్పకపోయినా చెవులు కదిపేది, ఆ రోజుల్లో నాకదే చాలు.

ఇంతలో అది గోక్కోవడం మొదలుపెట్టింది. వెనక కాలితో మెడ మీద గీకుతుంటే తెల్లటి పొట్టు రాలేది. నేను దులిపేసేవాణ్ని. నేత పనివాడికి తెల్లగా కనిపించిందల్లా నూగే కదా! జుట్టులో నూగు, కనుబొమల మీద నూగు, చాయ్ గ్లాసులో నూగు. పైగా దాని పడక కూడా కార్ఖానా నుంచి తెచ్చిన తెగిన దారాల కుప్పే. నూగు గుచ్చుకుని గోక్కుంటోందిలే అనుకున్నాను.

దారాలు మాసిపోతే పారేసి పాత పేపర్లు పరిచాను. వారమైనా పొట్టు రాలుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం దులపబోయి చెయ్యి ఆపాను. మగ్గం ఆగి రెండు నెలలు దాటింది, గదిలో దారం పోగు లేదు, మరి ఈ నూగెక్కడిది? ఇన్నాళ్లూ దాని జబ్బును నా చేత్తోనే దులిపేస్తున్నానన్నమాట.

గుమ్మంలో ఎండకు కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. చెవులు వెనక్కి తిప్పి ఫోన్ టార్చితో చూశాను. లోపల శుభ్రంగానే ఉన్నాయి, గోధుమరంగు చెక్కులేమీ కట్టలేదు. పాదాల కింద పుండ్లు లేవు. మెడ వెనక వెంట్రుకలు పాయ తీస్తే మాత్రం చర్మం ఎర్రగా ఉంది. నల్ల గుడ్డ ముక్క పరిచి పేన్ల దువ్వెనతో మెల్లగా దువ్వాను. పొట్టు రాలింది. బట్ట తాను మొత్తంలో ఒక్క పోగు తెగినా పట్టే కళ్లు నావి. రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాను. పొట్టులో ఒక రేణువు కదిలింది. తర్వాత ఇంకొకటి.

ఊళ్లో ఉన్న నా భార్యకు ఫోన్ చేసి చెప్పాను.

"ఓహో, కుందేలుకు పేన్లు సూస్తున్నవా? ఇంటికాడ ఉన్నప్పుడు పిల్లల తల ఎన్నడన్న దువ్వినవా?" అంది. అంతలోనే గొంతు మార్చి, "జల్ది డాక్టరుకు సూపియ్యి. అది గిట్ల పోతే నువ్వొక్కనివే అయితవు" అంది.

నా భయమూ అదే. అట్టపెట్టెలో దాన్ని పెట్టుకుని, మూతికి రుమాలు కట్టుకుని, తాపీ నది వంతెన మీద పోలీసులను బతిమాలి పశువుల డాక్టరు దగ్గరికి నడిచాను. ఇక్కడే వదిలి వెళ్లమంటాడేమోనని దారంతా బెంగ.

ఆయన పెద్దాయన, గుజరాతీ. దువ్వి, పొట్టును భూతద్దం కింద చూసి, పురుగులేనని, మందుకు పోతాయని హిందీలో చెప్పాడు. మెడ మీద చుక్కల మందు వేశాడు. రెండు వారాలకు మళ్లీ తీసుకురమ్మన్నాడు, అప్పటిదాకా ఒళ్లో పెట్టుకోవద్దన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని అడిగాడు.

ఇంట్లో ఎవరూ లేరన్నాను.

"మరి నువ్వో?" అన్నాడు.

నన్ను నేను లెక్కలో వేసుకోనే లేదు. చొక్కా చేతులు పైకి మడిచాను. మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు. మనిషిని చూస్తే మనిషి ఆమడ దూరం జరుగుతున్న రోజులవి. ఆయన ముందుకు వంగి, నా మణికట్టు పట్టుకుని, చేతిని వెలుగులోకి తిప్పి నింపాదిగా చూడసాగాడు. ఒక మనిషి చెయ్యి నా మీద పడి రెండు నెలలైంది. నొప్పిగా ఉందా అని అడిగాడు. లేదని చెప్తే వదిలేస్తాడని, ఉందన్నాను.