నా సర్వేకి అశోక్ నగర్ జవాబులు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. మేనేజ్‌మెంట్‌లో పిహెచ్‌డి చేయాలని నేను పట్టుబట్టింది ఆ శాస్త్రం మీద మమకారంతో కాదు, ఇక ఎవరితోనూ మాట్లాడక్కర్లేదన్న ఆశతో. ఆ రోజుల్లో (ఎప్పటివో కాదు, మొన్నమొన్నటివే) పరిశోధకురాలంటే లైబ్రరీలో ఒక మూల పుస్తకం ముందేసుకుని, పలకరించినవాళ్లకి "రీసెర్చ్ చేస్తున్నానండీ" అని ఒక్క ముక్క చెప్పి తల దించుకునే మనిషని నా ఊహ. నారాయణగూడలో జిరాక్స్ షాపతనికి "రెండు వైపులా తీయండి" అని చెప్పడానికి మొహమాటపడి, ఒకవైపే తీయించుకుని చిక్కడపల్లి దాకా ఆ బరువు మోసుకొచ్చే నాకు ఇంతకంటే మంచి బతుకు ఏముంటుంది?

తీరా నోటిఫికేషన్ చదివితే ఒళ్లు మండిపోయింది. పీజీలో మార్కులు, ప్రవేశ పరీక్ష సరే. తర్వాత ఇంటర్వ్యూ. సీటొస్తే కోర్సువర్కు, ఏడాదికిన్ని సెమినార్లు, ఎక్కడెక్కడి సదస్సుల్లోనో పత్ర సమర్పణ, థీసిస్ ఇచ్చాక అందరి ఎదుటా నిలబడి వైవా. ఇన్ని మాట్లాడే పనులు పెట్టి, దానికి పరిశోధన అని పేరు! పైగా ఇంటర్వ్యూకి వచ్చేటప్పుడు ప్రతిపాదనతోపాటు చిన్న సర్వే కూడా చేసి తేవాలట. ఆ రోజు డైరీలో నేను రాసిన తిట్లు ఇక్కడ రాయలేను. వెనక్కి తగ్గే వీలూ లేదు. ఈసారి సీటు రాకపోతే మామయ్య చూసిపెట్టిన కాల్‌సెంటర్ ఉద్యోగంలో చేరతానని నాన్నకి మాటిచ్చేశాను. రోజంతా ఫోన్లో మాట్లాడే ఉద్యోగం!

ప్రవేశ పరీక్షకి నేను చదువుకున్నది అశోక్ నగర్‌లో ఒక రీడింగ్ రూమ్‌లో. అక్కడున్నవాళ్లంతా గ్రూప్స్ రాసేవాళ్లే. సర్వేకి వాళ్లనే ఎంచుకుని, 'పోటీ పరీక్షల అభ్యర్థులు, సమయ నిర్వహణ' అని పేరు పెట్టుకున్నాను. నా పక్క సీటులో వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. అందరూ ఆమెని కలెక్టరక్క అనేవారు (ఆమె కూడా కాదనేది కాదు). సర్వే ప్రశ్నల కాగితాల కట్ట ఆమె ముందు పెట్టి సంగతి చెప్పాను.

"నెగెటివ్ మార్కింగ్ ఉందా చెల్లె?"

"లేదక్కా. ఇందులో తప్పూ ఒప్పూ ఉండవు. మీకేమనిపిస్తే అది టిక్ పెట్టడమే."

"తప్పొప్పులు లేకుంట క్వశ్చనెట్ల ఉంటది? గట్లనే అంటరు, తర్వాత ముంచుతరు. నువ్ పరేషాన్ గాకు, నేను జూస్కుంట."

చూసుకుంది. కట్టంతా పట్టుకుని చాయ్ బండి దగ్గరికి నడిచింది. గుంపు పోగైంది. నేను ఆమె వెనకాల నిలబడి చూస్తూనే ఉన్నాను. "జర వినుండ్రి. 'పూర్తిగా అంగీకరిస్తాను', 'అస్సలు అంగీకరించను'. పూర్తిగ, అస్సలు అని ఉన్నయన్నీ తప్పే, కొట్టేయుండ్రి. 'చెప్పలేను' అంటే రేపు ఆఫీసరెట్ల అయితవ్? అదీ పాయె. ఇగ మిగిలినయి రెండే, 'అంగీకరిస్తాను', 'అంగీకరించను'. పాజిటివ్‌గ పోవాలె. 'అంగీకరిస్తాను' పెట్టుండ్రి!"

అందరూ పెట్టారు. 'రోజూ అనుకున్నది అనుకున్నట్టే చదువుతాను', అంగీకరిస్తాను. 'నా రోజులన్నీ వృథా అవుతున్నాయనిపిస్తుంది', దానికీ అంగీకరిస్తాను. అయ్యో, అలా కాదక్కా అనాలి. అనలేదు. "థాంక్సక్కా" అన్నాను.

ఇంటర్వ్యూలో అధ్యక్షస్థానంలో ఉన్న ప్రొఫెసర్ గారు నా పట్టిక చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఏమ్మా, ఇవన్నీ ఇంట్లో కూర్చుని నువ్వే నింపుకున్నావా?" మిగతావాళ్లు నవ్వారు. "నింపితే నింపావు, కొంచెం మార్చి మార్చి నింపాలన్న తెలివైనా లేకపోతే ఎలా?" నాకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. నిజాయితీగా తెచ్చినందుకు దొంగనయ్యాను. దొంగలెక్కలు తెచ్చుంటే పరిశోధకురాలినయ్యేదాన్ని! పూర్తిగా, అస్సలు, చాయ్ బండి, అన్నీ నాలుక చివరన ఉన్నాయి. నోరు తెరిస్తే వచ్చింది "నమస్కారం సర్" ఒక్కటే. బయటికి వచ్చేశాను.

సీటు రాలేదు. (ఒక ఏడాది కాల్‌సెంటర్ నాకు చాలా నేర్పింది. మరుసటి ఏడు, ఎదురుగా కూర్చుని నోటితోనే అడిగి రాసుకున్న సర్వేతో వెళ్లి సీటు తెచ్చుకున్నాను.) అయినా ఆ గదిలో దోషిలా చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ ప్రొఫెసర్ గారి మీద కోపం, ఆ పిల్ల మీద జాలి, వాటి వెనకే చిన్న నవ్వు వస్తాయి.

ఫలితాలొచ్చిన రోజు నా పుస్తకాలు తెచ్చుకోవడానికి రీడింగ్ రూమ్‌కి వెళ్లాను. అక్క అడిగితే జరిగిందంతా చెప్పాను, ఏడుస్తూనే. ఆమె చేతిలో పుస్తకం మూసేసి లేచి నిలబడింది. అంత కోపం ఆమె మొహంలో అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"మావి తప్పు జవాబులన్నరా? మరి ఆన్సర్ కీ ఇచ్చిండ్రా? కీ ఇయ్యకుంట ఎట్ల ఫెయిల్ జేస్తరు చెల్లె? నడువ్, ఆబ్జెక్షన్ పెడదాం!"