చర్చిలో నేను చెప్పిన సాక్ష్యం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ పాసైన నాకు ఖమ్మంలో ఓ ప్రైవేటు కాలేజీలో దొరికిన పని ఏమిటంటే, స్టడీ అవర్‌లో పిల్లలు కునుకు తీయకుండా వరండాలో తిరగడం. దానికి ఫ్లోర్ ఇన్‌చార్జి అని పెద్ద పేరు ఒకటి. పాఠం చెప్పేది లేదు, చాక్‌పీసు ముట్టేది లేదు.

మాది పర్ణశాల దారిలో ఓ అడవి పల్లె. మా చర్చిలో ఎవరికి ఏ మేలు జరిగినా ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. జ్వరం తగ్గినా సరే, గేదె ఈనినా సరే. పనిలో చేరిన వారం, ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ కళ్లతోనే లేవమని గదమాయించింది. లేచాను. అందరూ నావైపే చూస్తున్నారు.

"దేవుడు నాకు ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం ఇచ్చిండు" అన్నాను. నా నోరు పడిపోను! చప్పట్లు మోగాయి. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇక దిద్దుకునే దారి లేకపోయింది. దారికేం, ఉంది. నాకే ధైర్యం లేదు.

రెండేళ్లకు, మా చర్చికే వచ్చే, బీడీల తునికాకు కోతకు పోయే ఒకాయన ఇంటర్ పాసైన కూతుర్ని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్లకు నర్సు ట్రైనింగ్‌లో సీటొచ్చింది, డిగ్రీలో మ్యాథ్స్ ఫిజిక్స్ సీటూ వచ్చింది.

"నాకు ఫిజిక్సంటే పాణం అన్నా. కానీ మా నాయినకు జల్దీ ఆసరా కావాలె. గా ఫిజిక్స్ చదివితే నీకొచ్చినట్టు నాకు గూడ నౌకరీ వస్తదా?"

రాదమ్మా, నాకే రాలేదు అంటే అయిపోయేది. కానీ టీ గ్లాసులతో అమ్మ అక్కడే నిలబడి ఉంది.

"ఎందుకు రాదు? కష్టపడాలె, గంతే" అన్నాను.

ఆయన నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఆ అమ్మాయి నర్సు సీటు వదులుకొని ఎమ్మెస్సీ దాకా ఐదేళ్లు ఫిజిక్సే చదివింది. మొన్న సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొని ఇంటర్వ్యూకు మా కాలేజీకే వచ్చింది. అప్పుడు నేను ఓ బల్ల మీద స్కేలుతో టపటపా కొట్టి క్లాసును నిద్ర లేపుతున్నాను. స్కేలు వంక చూసింది, నా వంక చూసింది.

"లెక్చరర్ల రూమ్ ఎటన్నా?"

"కిందమ్మా. నాది... ఇక్కడే" అన్నాను. ఆ పిల్ల ఫైలు చంకలో పెట్టుకొని మెట్లు దిగింది. తల కొట్టేసినట్టయింది నాకు.

ఆమెకూ ఆడపిల్లల హాస్టల్లో ఇన్‌చార్జి పనే ఇచ్చారు.

ఆ ఆదివారం చర్చిలో వాళ్ల నాన్న సైగ చేస్తే లేచి నిలబడింది. "నాకు లెక్చరర్ నౌకరీ రాలే. పిల్లలు నిద్రపోకుండ కావలి కాసే పని దొరికింది. గిందుకే దేవునికి స్తోత్రం. మంచి నౌకరీ కోసం ప్రార్థన చెయ్యుండ్రి" అంది. నా ఊసే ఎత్తలేదు. ఎత్తి నలుగురిలో కడిగేసినా బాగుండేది. చప్పట్లు పడలేదు. వాళ్ల నాన్న తల దించుకున్నాడు.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే అమ్మ నా పక్కకు వచ్చింది.

"నీ కాలేజే గద బిడ్డా. ఆ పిల్లకు నీ అసొంటి పని ఇప్పియ్యరాదూ?"

"చూస్తలే అమ్మా" అన్నాను.