పైపులో ఆగిన ట్యాంకు

ఆ రోజు తప్పు నాది. బొమ్మ ట్యాంకుకు ఇనుప మూత బిగించింది నేను. అది పైపులో ఆగిపోతే పేరు ఇంకొకడిది చెప్పిందీ నేనే. మూత ఒక పూటలో ఊడింది. చెప్పిన మాట అంత తొందరగా ఊడలేదు.

సైన్యంలో నేను ట్యాంకుల ఫిట్టర్‌ని. అక్కడ రిటైరయ్యాక మాజీ సైనికుల కోటాలో పోలీసు బలగంలో చేరాను. మే నెలలో పోస్టింగు వచ్చింది. కొత్తగూడెంలో రైలు దిగి, లారీలో భద్రాచలం చేరి, గోదావరి వంతెన దాటి అడవిలోకి వెళ్లాం. క్యాంపు చుట్టూ టేకు చెట్లు. ఆకు రాలిపోయి నీడ లేదు. ఇసుక బస్తాల గోడ, కాపలా నిలబడే రెండు మోర్చాలు, ఒక బోరు. మధ్యాహ్నం హెల్మెట్ ముట్టుకుంటే చెయ్యి కాలేది.

మా పని రోడ్డు తెరవడం. పొద్దున బస్సు రాకముందే రోడ్డంతా నడిచి చూడాలి. వాన నీళ్లు పోవడానికి రోడ్డు కింద వేసిన సిమెంటు పైపులు మా దారిలో పదకొండు. వాటిలో మందుపాతర లేదని మేం చెబితేనే బస్సు కదులుతుంది. అంతవరకు ఆ పైపుల్లోకి పాకి చూసేది బాంబ్ స్క్వాడ్ హెడ్ కానిస్టేబుల్. యాభై దాటిన మనిషి. క్యాంపంతా ఆయన్ని బాబాయ్ అనేది.

పాకి పాకి గీరుకుపోయిన ఆయన మోచేతులు చూసి కమాండర్ హైదరాబాద్ నుంచి రిమోట్‌తో నడిచే బొమ్మ ట్యాంకు తెప్పించాడు. మూరెడు పొడుగు. పైన చిన్న కెమెరా. అది చూసింది ఫోన్‌లో కనిపిస్తుంది. నడిపేది సిగ్నల్ ఆపరేటర్, కొత్తగూడెం గని క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు. ఎవడేమన్నా ముందు నవ్వేవాడు.

మా కంకర రోడ్డు ఆ బొమ్మను రెండు వారాల్లో పాడు చేసింది. గొలుసు తెగింది. ఇరుసుల్లో ఎర్రమట్టి పట్టింది. యాంటెన్నా తీగ పొదల్లో చిక్కుకొని పదేపదే ఊడేది. బాగు చేయమని నాకిచ్చారు.

సంతోషంగా కూర్చున్నాను. అసలు ట్యాంకులు విప్పి బిగించిన చేతులివి. గొలుసు లింకులకు సైకిల్ పుల్లల ముక్కలు వేశాను. ఇరుసులకు పాత ట్యూబు రబ్బరు చుట్టాను. అంతటితో ఆగాల్సింది. ట్యాంకంటే ఇనుమే అన్న లెక్క నాకు ఒంట్లో ఉంది. పాత జీపు బానెట్ రేకు కోసి, కెమెరాకు కంత వదిలి, పైన మూత చేశాను. కెమెరా యాంటెన్నా తీగ, రిమోట్ యాంటెన్నా తీగ రెండూ పొదలకు చిక్కకుండా చుట్ట చుట్టి మూత కిందికి తోసి నాలుగు బోల్టులు బిగించాను.

ఆపరేటర్ వచ్చి మూత మీద వేలితో కొట్టాడు.

"ఏందన్నా గిట్ల చేసినవ్? రేడియోను ఇనుప డబ్బాల పెట్టి మూత పెడితే దానికి నా మాట ఎట్ల ఇనపడ్తది?"

"మేము నడిపిన ట్యాంకులన్నీ ఇనుమేరా. వాటికి వినపడలా?"

"వాటికి కొమ్ములు బయట ఉంటయ్ గదనే. సరే, దూరం పోనిచ్చి చూద్దాం పా."

అప్పుడే కమాండర్ వచ్చాడు. ట్యాంకును మా కాళ్ల దగ్గరే రెండు చుట్లు తిప్పించాను. ఆయన భుజం తట్టాడు. దూరం పరీక్ష వద్దని నేనే అన్నాను. మెప్పు అందాక పరీక్ష పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

మర్నాడు ఆరో పైపు. సగం దూరం వెళ్లి ట్యాంకు ఆగింది. ఫోన్ తెర నల్లబడింది. ఆపరేటర్ రిమోట్ పైకెత్తాడు, పైపు మూతిలో పెట్టాడు. కదల్లేదు. అవతలి మూతి మట్టి జారి సగం పూడిపోయింది. అటునుంచి చూడలేం.

వైర్‌లెస్ సెట్టులో బస్సు దగ్గరి మా వాడి గొంతు పలికింది. "రోడ్ పార్టీ, బస్సు వదలాలా? దవాఖానాకు పోయేటోళ్లున్నరు. ఓవర్."

"ఆపు. పైపు చూడలేదు. ఓవర్," అన్నాడు కమాండర్.

బాబాయ్ హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టాడు. పైపు ఇరుకు. బాంబ్ సూట్‌తో మనిషి పట్టడు. నడుముకు తాడు కట్టుకొని, టార్చి నోట పట్టుకొని పడుకున్నాడు. ముందు తల, తర్వాత నడుము, చివరికి బూట్లు. ఎడమ బూటు సోలు అడ్డంగా పగిలి ఉంది. నైలాన్ దారంతో కుట్టుకున్నాడు. అదీ లోపలికి పోయింది.

తాడు నా చేతిలో ఉంది. మూరమూరా వదిలాను.

చాలాసేపటికి పైపులోంచి గొంతు వచ్చింది. "తీగల్లేవు... మందు లేదు... అబ్బో, ఏంది దీని బరువు! నీ ట్యాంకు బాగ తిన్నదిరా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన బయటికొచ్చేసరికి రెండు మోచేతులూ చీరుకుపోయాయి. బస్సు దాటింది.

"ఎందుకాగింది?" కమాండర్ నన్నడిగాడు.

"సిగ్నల్ సార్. రిమోట్ ఆపరేటర్‌ది, తప్పు వాడిదే."

ఆపరేటర్ నా వైపు చూశాడు. వాడి చేతిలోంచి రిమోట్ తీసేసి వారం రోజులు అదనపు సెంట్రీ వేశారు.

సాయంత్రం బాబాయ్ చేతులకు మందు రాస్తున్నాను. ట్యాంకు పక్కనే ఉంది. ఆయన మూత మీద గోటితో కొట్టాడు.

"దీని చెవులు మూసినవ్ గదరా."

తప్పు నాదేనని, వాడి పేరు అబద్ధంగా చెప్పానని ఆయనకు చెప్పేశాను.

"నాకు చెప్పుడెందుకు? ఎండల నిలబడ్డోడు ఆడున్నడు, పో."

మోర్చాకు వెళ్లాను. వాడు మంచినీళ్లిచ్చాడు. ఏవో మాటలు చెప్పి తిరిగొచ్చేశాను. ఆ పిరికితనం కూడా నాదే.

మర్నాడు పొద్దున రోల్ కాల్‌లో వరుసలోంచి ముందుకొచ్చాను. "సార్, నిన్న నేను అబద్ధమాడాను. ఇనుప మూత వల్లే ఆగింది. అతను ముందే చెప్పాడు, నేను వినలేదు."

కమాండర్ ఆపరేటర్ వైపు తిరిగాడు. "నువ్వు నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"అన్న చెప్తడని చూసిన సార్."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు పడిన శిక్షల్లో ఆ మాటంత గట్టిది ఇంకోటి లేదు. సెంట్రీ నాకు మారింది. రిమోట్ వాడి చేతికి వచ్చింది.

డ్యూటీ దిగాక ఇద్దరం కూర్చున్నాం. జీపు రేకును పొట్ట కిందికి మార్చాను, రాళ్లు తగిలేది అక్కడే కాబట్టి. పైమూత నీలం నీళ్ల డ్రమ్ము ప్లాస్టిక్‌తో చేశాను. యాంటెన్నాలు బయట నిలబెట్టి, పొదలకు వంగి లేచేలా మొదట్లో స్ప్రింగు పెట్టాను. ఆగినా వెనక్కి లాగేలా తోకకు తాడు. ఈసారి వాడు చెప్పినంత దూరం పోనిచ్చాం. వంటశాల దాటి, కంచె దాకా వెళ్లి తిరిగొచ్చింది.

"ఇప్పుడు ఇంటున్నదే, నీకన్నా నయం," అన్నాడు వాడు.

కమాండర్‌ను ఒకటి అడిగాను. ఇకమీదట ట్యాంకు ఆగితే పైపులోకి వెళ్లేది నేనే. ఆయన బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ తలూపాడు, నేర్పించాక అన్న షరతుతో. నేర్పాడు.

ఆ ట్యాంకు వానాకాలమంతా పని చేసింది. పైపుల్లో బురద, ఉడుములు, ఒకసారి కొండచిలువ. ఒక ఉదయం తొమ్మిదో పైపులో ఫోన్ తెర మీద ఒక క్యాను, దాని నుంచి పోయే తీగ కనిపించాయి. ఆపరేటర్ ట్యాంకును అంగుళం అంగుళం వెనక్కి తెచ్చాడు. బస్సును దూరంగా ఆపారు. స్క్వాడ్ దాన్ని అక్కడే పేల్చింది. మా వాళ్లకు చిన్న గాయం కూడా కాలేదు. ఆ పూట బస్సులో ఉన్నవాళ్లంతా ఆలస్యంగా, కానీ క్షేమంగా ఇళ్లకు చేరారు. ఆ మాట చెప్పేటప్పుడు నాకిప్పటికీ ఛాతీ పొంగుతుంది. నా ఒక్కడి గొప్ప కాదు కాబట్టి ధైర్యంగా చెబుతాను.

ట్యాంకు రెండుసార్లు ఆగింది. తాడు రాయికి చిక్కింది. రెండుసార్లూ నేనే పాకాను. లోపల మన ఊపిరే మనకు ఎదురొచ్చి తగులుతుంది. అంత చీకట్లో నా ట్యాంకు మీద జోకు వేయడానికి బాబాయ్‌కి ఎంత గుండె కావాల్సి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

పోస్టింగు ముగిసింది. లారీలు ఎక్కేముందు కొత్త కంపెనీ ఫిట్టర్‌కు ట్యాంకు అప్పగించాను. ప్లాస్టిక్ మూత చూసి, "ఇనుముది పెడితే గట్టిగుంటది గదన్నా?" అన్నాడు. ఆపరేటర్ పక్కనే ఉన్నాడు. వాడి ముందే అంతా చెప్పాను, అబద్ధంతో సహా.

ఇప్పుడు వేంసూరులో మోటార్లు బాగు చేస్తాను. రోడ్డు మీద ఏ సిమెంటు పైపు కనిపించినా అందులోకి పోతున్న రెండు బూట్లు కనిపిస్తాయి. ఎడమదాని సోలు పగిలి, నైలాన్ దారంతో కుట్టి ఉంటుంది.

నిజానికి ఆ బూట్లు ఎక్కువ రోజులు అలా లేవు. రోల్ కాల్ తర్వాత వచ్చిన మొదటి సెలవు రోజున వాటిని భద్రాచలం తీసుకెళ్లి, కొత్త సోళ్లు వేసేదాకా చెప్పులు కుట్టే ఆయన పక్కనే కూర్చున్నాను.