బావిలో పట్టని చేపల తుపాకి

కుళ్ళాయప్పకు నీళ్ళ పిచ్చి. బెళుగుప్ప మండలంలో పుట్టినవాడికి ఆ పిచ్చి పట్టిందంటే వాడి ఖర్మ అనుకోవాలి. ఇటువైపు రావడానికి మబ్బులకు కూడా మొహమాటమే. అయినా చుట్టుపక్కల ఎవరి బావిలో మోటారు జారినా, బిందె మునిగినా అతనికే కబురొచ్చేది. గోచీ బిగించి దూకేవాడు, పడిన వస్తువు పైకి తెచ్చేవాడు. ఆ తర్వాత కూలి సంగతి మరిచిపోయి రాళ్ళ సందుల్లో కొరమీన్ల కోసం వెతుక్కుంటూ ఉండిపోయేవాడు.

తుమ్మచెక్క, సైకిలు ట్యూబు, గొడుగు కమ్మి కలిపి సొంతంగా చేసుకున్న చేపల తుపాకి ఒకటి అతనికుండేది. చిన్నాచితకా చేపలకు అది చాలు. ఊళ్ళో యశోదమ్మగారి బావిలోని ముసలి కొరమీనుకు మాత్రం ఆ కమ్మి దోమ కుట్టినట్టు. పట్టిన చేపలో సగం బావిగలవాళ్ళది, తలకాయ పట్టినవాడిది. అందుకే పెళ్ళయి ఇన్నేళ్ళయినా అతని భార్య రామాంజినమ్మకు తలకాయ రుచి తెలియదు.

రెండువేల రెండు ఎండాకాలంలో మస్కట్‌లో పనిచేసే ఆమె తమ్ముడు గంగాధరప్ప ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేశాడు. సెలవు మీద వస్తున్నాడట. సామాన్లలో పెద్ద వస్తువు ఒకదానికే చోటుందట, ఏం కావాలో అక్కనే చెప్పమన్నాడు. రోట్లో రుబ్బి రుబ్బి రామాంజినమ్మ భుజాలు పడిపోయాయి. ఆమెకు కావలసింది మిక్సీ. కానీ బూత్ బయట నిలబడ్డ మొగుడి మొహం చూసేసరికి జాలేసింది. చేపల తుపాకి తెమ్మని చెప్పి ఫోన్ పెట్టేసింది.

కుళ్ళాయప్పకు సంతోషంతో పాటు గుండెల్లో రాయి కూడా పడింది. ఇక యశోదమ్మగారి బావిలోని ఆ ముసలి కొరమీనును పట్టి తీరాలి. పట్టకపోతే ఆమె మిక్సీని బావిలో పారేసినట్టే.

మరుసటి ఆదివారం మళ్ళీ ఫోన్. అంగట్లో రెండు కంపెనీలవి ఉన్నాయట. ఇటలీది పొట్టిది, మూరకు కాస్త ఎక్కువ. ఫ్రాన్సుది మనిషెత్తు. ఏది తెమ్మంటారని అడిగాడు. సోమప్ప టీ అంగట్లో పంచాయితీ మొదలైంది. ఆ రెండింటినీ చూసిన మొనగాడు ఊళ్ళో లేడు. అయితేనేం, బోరు మోటార్లు కొన్నవాళ్ళే అందరూ. దాని హెచ్‌పీ ఎంతని ఒకరు, స్పేర్లు అనంతపురంలో దొరుకుతాయా అని ఇంకొకరు అడిగారు. చివరికి సోమప్ప తేల్చేశాడు.

"పొట్టిదానికి పోవద్దప్పా. మనం బోర్లు సగంలో ఆపినందుకే గదా నీళ్ళు పడలేదు. పొడుగుంటేనే పని."

ఇంకా లోతుకు వేయించిన సోమప్ప బోర్లలోనూ దుమ్మే లేచిందని ఎవరూ గుర్తుచేయలేదు. కుళ్ళాయప్ప మనసు పొట్టిదాని మీదే ఉంది. కానీ మిక్సీ వదులుకున్న మనిషి ముందు అంత చిన్న వస్తువు పెట్టడం ఎలా? ఫ్రాన్సుదే తెమ్మన్నాడు.

తుపాకి దుప్పట్లో చుట్టుకుని వచ్చింది. ఊరంతా యశోదమ్మగారి బావి గట్టున చేరింది. కరువుకు నీళ్ళు దిగిపోయి, అడుగున మంచమంత గుంతలో మిగిలాయి. కుళ్ళాయప్ప మునిగాడు. కొరమీను సందులో కనబడనే కనబడింది. తుపాకి అటు తిప్పితే పిడి ఒక గోడకు, మొన ఇంకో గోడకు తగులుకున్నాయి. గుంజులాడి ఎట్లాగో వదిలితే బాణం బండకు తగిలి మొన వంగింది. చేప తాపీగా లోపలికి జరిగింది. గట్టు మీద నవ్వులే నవ్వులు. సోమప్ప మాత్రం తప్పు బావిదేనన్నాడు, ఇంకాస్త వెడల్పు తవ్వించి ఉండాల్సిందట.

ఆ సాయంత్రం కుళ్ళాయప్ప తుపాకిని గోడకు తగిలించి కింద కూర్చున్నాడు. రామాంజినమ్మ ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పయ్యా, నీకు ఏది కావల్లనిపించె?"

"పొట్టిదే."

"మరి పొడుగుది యాల చెప్తివి?"

"నీ మిక్సీకి బదులు వచ్చేది గదా. కంటికి ఆనేటట్టు ఉండల్లనుకుంటి."

రామాంజినమ్మకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. తన గురించి ఈ మనిషి అంత ఆలోచించాడని ఆమెకు ఆ రోజే తెలిసింది. గోడకు తగిలించిన తుపాకి దించి అతని ముందు పెట్టింది.

"పొద్దున్నే ఉరవకొండకు పోయి కోయించు. నా తమ్ముడు తెచ్చింది, నేను చెప్తాండా."

వెల్డింగ్ షాపులో రంపం ఆడుతుంటే కుళ్ళాయప్ప అటు తిరిగి నిలబడ్డాడు. గొట్టం తగ్గింది, బాణం తగ్గింది, దానికి కొత్త మొన సాన పట్టారు, రబ్బరు కురచగా బిగించారు. ఇప్పుడది ఇటలీదీ కాదు, ఫ్రాన్సుదీ కాదు. ఆ మధ్యాహ్నమే ఎవరికీ చెప్పకుండా బావిలో దిగాడు. చేయి సందులోకి పోయినంత దూరం తుపాకి కూడా పోయింది. ఒక్క ఏటుకే కొరమీను చిక్కింది.

సగం యశోదమ్మగారింటికి పంపాడు. తలకాయ పులుసులో ఉడికింది. రామాంజినమ్మ అలవాటుగా అతని కంచంలో వేయబోతే, గరిటె పట్టుకుని ఆమె కంచం వైపు మళ్ళించాడు. ఆమె వద్దనలేదు. కాస్త చీకి, కళ్ళు మూసుకుని, ఇంకాస్త చీకి అప్పుడు అతని మొహంలోకి చూసింది.

"ఇన్నేండ్లూ ఇది నువ్వొక్కడివే తింటివా?"

కుళ్ళాయప్ప తల వంచుకుని పులుసు కలుపుకున్నాడు.

"సరే. గంగాధరప్ప మళ్ళీ వచ్చేటప్పుడు మిక్సీ తెస్తాడంట. యా కంపెనీదని నువ్వు సోమప్పను అడగాకు" అంది. అతను బుద్ధిగా తలూపి, తోక ముక్క వేసుకున్నాడు.