కుడి పాదం లేవలేదు

నాకు కామారెడ్డిలో కుడి తుంటి మార్చారు. ఎముకకు రక్తం అందక అరిగిపోయిందని, కొత్త కీలు వేయడం తప్ప దారి లేదని డాక్టరు చెప్పాడు. నేను ఎల్లారెడ్డిలో జాకెట్లు కుడతాను. ఆ నొప్పితోనే చాలాకాలం మిషన్ తొక్కాను కాబట్టి, ఆపరేషన్ అంటే భయం కన్నా ఆశే ఎక్కువగా ఉండింది.

మర్నాడు పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి రెండు పాదాలూ పైకి లాగమంది. ఎడమది లేచింది. కుడిది లేవలేదు. మత్తు ఇంకా దిగలేదేమో అనుకున్నాను. ఆమె నా బొటనవేలు పట్టుకుని, "ఇప్పుడు లేపు అక్కా" అంది.

"లేపుతున్న గదా" అన్నాను.

నిజంగానే లేపుతున్నాననుకున్నాను. చూస్తే పాదం మంచం మీద అట్లాగే పడి ఉంది. ఆమె వెంటనే పోయి డాక్టరును పిలుచుకొచ్చింది.

ఆయన సూదితో పాదం మీద అక్కడక్కడా గుచ్చి చూశాడు. "తుంటి వెనకనుంచి కాలికి పోయే నరం సాగిందమ్మా. తెగలేదు. ఎప్పుడో ఒకరికి గిట్లయితది. మెల్లగ వస్తది గని, ఎంత వస్తదో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు.

"మరి తుంటి?" అని మా ఆయన అడిగాడు.

"తుంటి మంచిగైంది."

అదీ నిజమే. తుంటి నొప్పి మళ్లీ రాలేదు. చూడటానికి వచ్చినవాళ్లకు మాత్రం సంతోషపడాలో బాధపడాలో తెలిసేది కాదు. కొందరు పక్షవాతమనుకున్నారు. కాదని ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ, చివరికి చెప్పడం మానేశాను.

నడుస్తుంటే కుడికాలి వేళ్లు చాప అంచుకు కూడా తట్టుకునేవి. బురద పొలంలో నడిచినట్టు మోకాలు ఎత్తి ఎత్తి వేయాల్సి వచ్చేది. పాదం పైభాగం మొద్దుబారి ఉండేది. సాయంత్రమైతే అదే పాదం కారం పూసినట్టు మండేది. తాకితే తెలియని చోట అంత మంట ఎట్లా పుడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకసారి కామారెడ్డి బస్టాండులో దిగి చాలాదూరం నడిచాక, వెనకనుంచి ఒకామె, "అక్కా, నీ చెప్పు ఆడనే పడ్డది!" అని అరిచింది. కిందికి చూస్తే కుడికాలు ఉత్తదే. నేల వేడి కూడా తెలియలేదు. అప్పటిదాకా పాదం లేవదనే అనుకున్నాను. అది నాకు కబురు కూడా చెప్పదని ఆ రోజు భయమేసింది.

అప్పుడే డాక్టరు పాదం కిందనుంచి పిక్క దాకా వచ్చే ప్లాస్టిక్ పట్టీ రాసిచ్చాడు. అది బూటులో తప్ప నిలవదు. ఆడవాళ్ల బూట్లలో పట్టక మగవాళ్ల నల్ల బూట్లు కొన్నాం. చీర కింద అవి కనబడుతుంటే సిగ్గేసి, పెళ్లిళ్లకూ పేరంటాలకూ పోవడం మానేశాను. ఇంట్లో మిషన్‌కు మోటారు పెట్టించుకుని ఎడమకాలితో నొక్కడం నేర్చుకున్నాను. మొదట్లో కాస్త నొక్కితే చాలు, సూది గుడ్డను లాక్కుపోయేది. పాత లంగాల మీద కుట్టి కుట్టి అలవాటు చేసుకున్నాను.

అట్లా ఉండగా దోమకొండలో మా ఆడబిడ్డ ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ పెద్దగా మాటల్లేవు. పోకపోతే ఇంకో మాట వస్తుందని పోయాను. గడప దగ్గర మా ఆయన మేనత్త నా కాళ్లు చూసి ఆగిపోయింది.

"ఏంది, బూట్లేసుకొనే వస్తవా లోపలికి? ఆడ పూజ అయితుంది."

నేను అరుగు మీద కూర్చుని పట్టీ విప్పడం మొదలుపెట్టాను. అది విప్పితే గడప దాటలేనని తెలుసు. బయటే కూర్చుందామనుకున్నాను. అంతలో ఆడబిడ్డ వచ్చి చూసింది.

"ఎందుకు ఇప్పుతున్నవ్ వదినా?"

"బయటనే కూసుంట తీ."

"బయట కూసునేటందుకు పిలిచిన్నా నిన్ను?" అని, బకెట్‌లో నీళ్లు, ఒక గుడ్డ తెచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నా బూట్ల అడుగులు తానే తుడిచింది. వద్దంటే వినలేదు.

మేనత్త ఇంకేదో అనబోయింది.

"అత్తా, అది లేకుంటె వదిన నడువది. ఇల్లు నాది, నేను రమ్మంటున్న" అంది ఆడబిడ్డ.

నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నాకు ఏడుపొచ్చింది గానీ అందరి ముందు ఆపుకున్నాను. ఆ రోజు తర్వాత మళ్లీ నాలుగిళ్లకూ పోవడం మొదలైంది.

ఆపరేషనై ఏడాది దాటాక, ఒక మధ్యాహ్నం పడుకుని ఉంటే మా ఆయన, "వేలు కదిలింది, మళ్ల లేపు" అన్నాడు. లేపాను. బొటనవేలు కొద్దిగా లేచింది. తర్వాత పాదం కూడా కొంత వచ్చింది. ఇంట్లో ఇప్పుడు పట్టీ లేకుండానే తిరుగుతాను, బయటికైతే కావాలి. మంట తగ్గింది గానీ పోలేదు.

మొన్న డాక్టరును, "ఇంకా వస్తదా సార్?" అని అడిగాను.

"ఇగ ఇంతే అనుకో అమ్మా. ఉన్నదాన్ని కాపాడుకో" అన్నాడు.

ఆ మాట వింటే కుంగిపోతానేమో అనుకున్నాను. అంత కాలేదు. బయటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన నా చేతిలోని చీటీలు తీసుకుని సంచిలో పెట్టాడు. తర్వాత, "ఆకలైతలేదా?" అన్నాడు. ఇడ్లీ తిని, లైనింగ్ గుడ్డ కొనుక్కుని, ఎల్లారెడ్డి బస్సెక్కాం.