ఒర్రెలో చెలిమె

మా మేస్త్రీ పోయాడు. సెలవు నుంచి తిరిగొచ్చిన మా ఊరతను నిన్న రూమ్‌లో పెట్టె దించుతూ చెప్పాడు. ఊళ్లోనే, జ్వరమట. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా గోడకు చేరగిలబడ్డాను. ఏడవడానికీ ఓపిక ఉండాలని నిన్ననే తెలిసింది.

డెబ్బైల మొదట్లో, మస్కట్ వచ్చిన కొత్తలో, కంపెనీ మమ్మల్ని ఆయన వెంట ఓ పాడు దీవి మీదికి పంపింది. ఓడలకు దారి చూపే దీపానికి దిమ్మె కట్టాలి. మనిషి లేడు, చెట్టు లేదు. ఒక బీడీ కాలేలోపు ఈ కొస నుంచి ఆ కొసకు నడవొచ్చు. తూర్పున సముద్రంలోకి తెగిపడ్డ రాయి, పడమర కాస్త ఇసుక, నడుమ ఎప్పటివో వానలు కోసిన గండి. పక్షుల రెట్టలతో రాళ్లన్నీ సున్నం కొట్టినట్టుండేవి.

మేస్త్రీ మొదటిరోజే అన్నిటికీ పేర్లు పెట్టాడు. రాయి గుట్ట అయింది. ఇసుక మెట్టచేను, అంటే మా చెలక. గండి వాగుపాయ, అంటే ఒర్రె.

"పేరు లేని జాగల నిద్ర వడ్తదారా?" అనేవాడు.

నవ్వుకునేవాళ్లం గానీ, నిజంగానే నిద్ర పట్టేది.

తర్వాత గాలి లేచింది. నీళ్లు తెచ్చే పడవ రాలేదు. డ్రమ్ము అడుగంటింది, దూపకు, అంటే దాహానికి, నాలుకలు పిడచకట్టుకుపోయాయి. మేస్త్రీ పార పట్టుకుని ఒర్రెలోకి దిగాడు. మా వైపు ఎండిన ఒర్రెలో ఇసుక తోడితే గుంటలో మంచినీళ్లూరతాయి. దాన్ని చెలిమె అంటాం. అక్కడ చుట్టూ సముద్రమే అయినా, ఒర్రె అని పిలిచాం కదా, ఒర్రెలాగే నమ్మాం.

నీళ్లు ఊరాయి. ప్రాణం లేచొచ్చింది. మేస్త్రీ దోసిలితో తాగాడు.

"ఎట్లున్నయ్ మామా?" అన్నాను.

"ఉప్పు. ఎవలు తాగకున్రి. దూప ఇంకింత అయితది."

మర్నాడు పడవ వచ్చింది. మేము డబ్బాలకు మూతులు పెట్టి పశువుల్లా తాగుతుంటే, మేస్త్రీ తన మొదటి గ్లాసు తీసుకెళ్లి ఆ చెలిమెలో ఒంపాడు. నాకు ఒళ్లు మండింది.

"పిచ్చి లేసిందా మామా? మంచినీళ్లు మట్టిపాలు జేస్తివి."

"అదేం జేసిందిరా? మనమే తవ్వి ఆశవడితిమి. దానికి గూడ దూప ఉంటది గద."

ఆ మనిషి లేకపోతే ఆ రాళ్ల మీద మేము మనుషులుగా మిగిలేవాళ్లం కాదు. ఆఖరున నీళ్లడిగాడో లేదో, ఎవరైనా గొంతు తడిపారో లేదో, కబురు తెచ్చినతనికి తెలియదు.

ఈ పొద్దున డ్యూటీకి పోతూ కూజాలోంచి ఓ గ్లాసు నీళ్లు తీసి, గుమ్మం ముందు ఇసుకలో ఒంపాను. అరచేయంత తడి. కంపెనీ బండి హారన్ కొట్టింది. ఎక్కి తిరిగి చూసేసరికి అంచుల నుంచి ఆరిపోతోంది.