బొమ్మ రాని ప్రార్థన

అమ్మ పోయి ఏడాదయింది. జ్ఞాపకార్థ కూడికలో చూపిద్దామని, ఆమె చివరిసారి చేసిన ప్రార్థన వీడియోని కొత్త కంప్యూటర్లో పెట్టాను. గొంతు వస్తోంది, బొమ్మ రావడం లేదు. తెరంతా నలుపే. కొత్తదానికి ఇదేం రోగమని తిట్టుకుంటూ తిరువూరు సెంటర్లోని షాపతనికి ఫోన్ చేశాను.

"వేరే ప్లేయర్ వేసుకోండి సార్" అన్నాడు.

అది డౌన్‌లోడ్ అయ్యేలోపు కసిగా పాత ప్లేయర్‌లోనే వీడియోని మళ్లీ మళ్లీ నొక్కాను. అమ్మ ప్రార్థన ముగిసిన ప్రతిసారీ వంటగదిలోంచి "ఆమేన్" వినిపించింది. వెళ్లి చూశాను. నాన్న కంచం ముందు కళ్లు మూసుకుని కూర్చున్నారు. మా ఇంట్లో అమ్మ ప్రార్థన అయ్యాకే భోజనం. అన్నం చల్లారిపోయింది.

కొత్త ప్లేయర్‌లో బొమ్మ వచ్చింది. నాన్నని పిలిచి చూపించాను. ఆయన కాసేపు చూసి, "ఆపెయ్యరా. ఇందాక మీ అమ్మ ఇంట్లోనే ఉంది" అన్నారు.